కాగితం మీది పేరు, నాలుక మీది పేరు

అందరికీ నమస్కారం. బడి పంతుళ్ళు, అంగన్‌వాడీ అక్కలు, ఆశా కార్యకర్తలు, సంతల్లో కొట్లు పెట్టేవారు, రేపు జనగణనకు ఇల్లిల్లూ తిరగబోయేవారు ఇక్కడ కలిసి కూర్చున్నారు. పనులు వేరైనా మీ అందరికీ ఒక ప్రశ్న తగులుతుంది: ఎదుటి మనిషిది ఏ తెగ, ఏ భాష, ఏ దేశం? దానికి జవాబు మనం రెండు చోట్ల చెబుతాం, ఒకటి కాగితం మీద, రెండోది నోటితో. ఈ రెండు చోట్లా ఒకే పేరు సరిపోదు. ఒడిశాలోని రాయగడ, గజపతి, కొరాపుట్, మల్కన్‌గిరి జిల్లాల్లో తెలుగువాళ్ళు చేసే పొరపాట్లు చాలావరకు ఇక్కడే పుడతాయి.

ముందు మన ఇంటి సంగతి. ఒడియావాళ్ళు మనల్ని తెలెంగా అంటారు. గంజాంలో డప్పుల మేళానికి తెలింగి బాజా అని పేరు, అందులో ఏ చులకనా లేదు. అదే మాట బస్సులో సీటు తగువు దగ్గర వినిపిస్తే చెవులు మండుతాయి. మనమేమీ తక్కువ తినలేదు, వెనక్కి తిరిగి ‘ఒడ్డోళ్ళు’ అంటాం. 2011లో పార్లమెంటు రాష్ట్రం పేరును ఒడిశాగా, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో భాష పేరును ఒడియాగా మార్చింది. పదేళ్ళు దాటినా మన బోర్డుల మీద ‘ఒరియా’ పోలేదు. అంతకన్నా వింతగా పాతదీ కొత్తదీ కలిపి ‘ఒడిస్సా’ అని రాస్తున్నాం. ఆ పేరుతో ఏ రాష్ట్రమూ లేదు. రాష్ట్రం ఒడిశా, భాష ఒడియా, నాట్యం మాత్రం ఒడిస్సీ. పాత పేరు మారని సంస్థలు ఉంటే వాటిని మనం దిద్దకూడదు. కటక్‌లో ఉన్నది నేటికీ ఒరిస్సా హైకోర్టే. ఒడిశా రాష్ట్రం ఏర్పడిన 1936కు ముందటి భూమి కాగితాల్లో పర్లాకిమిడి మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంటుంది, నకలు తీసేటప్పుడు దాన్నీ అలాగే ఉంచాలి.

ఇక తెగల పేర్లు. తెలుగులో అవమానం చాలాసార్లు పేరులో ఉండదు, పేరు చివర ఉంటుంది. ‘సవర’ మంచి పేరే. ‘సవరోడు’ అనగానే మనిషి ఒక మెట్టు దిగిపోతాడు. ఆడమనిషిని ‘సవరది’ అంటే రెండు మెట్లు. బ్యాంకు మేనేజరును బ్యాంకోడు అనం కదా! సవర ఆయన, సవర ఆవిడ, సవర అబ్బాయి, సవరలు అనడానికి అదనంగా ఖర్చయ్యేది ఒకటి రెండు అక్షరాలు. పిలుపూ ఇలాంటిదే. కొండ దిగి పసుపో అనాసపళ్ళో తెచ్చిన డెబ్బై ఏళ్ళ మనిషిని పాతికేళ్ళ కొట్టువాడు ‘ఏరా, ఎంతకిస్తావు?’ అంటాడు. పక్కనే నిలబడ్డ తెలుగు ముసలాయన్ని ‘తాతా’ అంటాడు. తెగ పేరు ఎంత శుద్ధంగా పలికినా ఆ ‘ఏరా’ దాన్ని చెడగొడుతుంది. వరసలు మనకు కొదవా? అన్నా, అక్కా, మామా, తాతా, ఏదైనా సరిపోతుంది. ‘మీరు’ తప్పనిసరి.

సవర అన్నది మనం పెట్టుకున్న పేరు. సంస్కృతం వాళ్ళను శబరులంది, ఒడియాలో సౌరా అంటారు. తమ భాషలో తమను వాళ్ళు సోరా అనుకుంటారు. ఈ సంగతి మనకు కొత్త కాదు. పర్లాకిమిడిలో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి పంతులు వాళ్ళ భాష నేర్చుకుని 1931లో వ్యాకరణం అచ్చువేయిస్తే, పుస్తకం పేరులో ముందు సోరా అనే ఉంది, ‘లేదా సవర’ అన్నది కుండలీకరణంలో వచ్చింది. 1936లో మంగేయి గొమాంగో సోరాకు సొంత లిపి తయారుచేశాడు, దాని పేరు సోరాంగ్ సొంపెంగ్. తెలుగులో రాసేటప్పుడు దీర్ఘం పెట్టండి. ‘సొర’ అని పొట్టిగా రాస్తే పిల్లలు సొరకాయ దగ్గరికి వెళ్తారు.

ఈ శబ్దాల చిక్కు ఇక్కడితో ఆగదు. సవరల్లో ఒక వర్గాన్ని లాంజియా సౌరా అంటారు. ఒడియాలో లాంజ అంటే తోక. గోచీ కొస వెనక వేలాడుతుందని పక్కవాళ్ళు పెట్టిన పేరది, వాళ్ళు పెట్టుకున్నది కాదు. దాన్ని మన క్లర్కు దీర్ఘం తీసేసి చదివితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. హాస్టల్లో హాజరు పిలిచేటప్పుడు తెలుగు పిల్లలు కిసుక్కుమంటారు, ఆ పిల్లాడు తల దించుకుంటాడు. ఒడిశా షెడ్యూల్డ్ తెగల జాబితాలో ఆ పేరు ఉంది కాబట్టి ధ్రువపత్రంలో, స్కాలర్‌షిప్ ఫారంలో దీర్ఘంతో సహా అలాగే రాయాలి. హాజరు పట్టీలో, తరగతిలో దాంతో పనే లేదు. మల్కన్‌గిరి బొండాలకూ ఇదే బాధ, తినే బోండాతో ముడిపెట్టి వేసిన జోకులు అరిగిపోయాయి. వాళ్ళ భాషలో వాళ్ళు రెమో, అంటే మనిషి. కోయలూ గోండులూ తమను కోయితూర్ అనుకుంటారు. మనకు కోయ అనగానే నెమలీకలు పెట్టుకుని జాతకం చెప్పే ‘కోయదొర’ గుర్తొస్తాడు. మల్కన్‌గిరి కోయలు పొలం దున్నుకునే రైతులు.

ఇప్పుడు అసలు చిక్కు, భాష గడి. నియమగిరి కొండల కింద పనిచేసే తెలుగు ఉద్యోగి ఒక కోంధు ఆయన్ని ‘మీదే భాష?’ అని అడుగుతాడు. ఆయన ‘కువి’ అంటాడు. మనవాడికి అది తెలియదు, ‘కొండ భాష’ అని రాస్తాడు. తప్పేముంది, కొండ మీద మాట్లాడేదేగా అనుకుంటాడు. కానీ జనగణన పట్టికలో ‘కొండ’ అనే పేరుతో వేరే భాష ఉంది. అది కొండదొరల భాష, దానికే కుబి అని ఇంకో పేరు. మీ కలంపోటుతో ఒక కువి కుటుంబం కొండదొరల లెక్కలో పడిపోయింది. ఇంకొకరు తెగ పేరునే భాషగా ‘కోంధ్’ అని రాస్తారు. ఆ పట్టికలో కోంధ్ ఒక శీర్షిక, కుయి మరో శీర్షిక. ఒకే ఊళ్ళో సగం ఇళ్ళకు ఒకటి, సగం ఇళ్ళకు ఇంకొకటి రాస్తే మాట్లాడేవారి సంఖ్య రెండు ముక్కలవుతుంది. బళ్ళో ఏ భాషలో వాచకం ఇవ్వాలో తేల్చేటప్పుడు ఆ సంఖ్య కూడా లెక్కకొస్తుంది. కాబట్టి ఆ మనిషి పలికింది పలికినట్టు రాయాలి: కుయి అంటే కుయి, కువి అంటే కువి. అర్థం కాకపోతే మళ్ళీ చెప్పించుకోవాలి, మన తెలుగులోకి మార్చకూడదు. ఇంకో విశేషం, కుయి, కువి రెండూ తెలుగుకు చుట్టాలైన ద్రావిడ భాషలు. సోరా మాత్రం ముండా భాష, మనతో పుట్టుక సంబంధం లేదు. ‘అందరిదీ ఒకే కొండ భాష’ అనేవారికి ఈ ఒక్కటి చాలు.

గదబలది మరీ తమాషా. ఒకే పేరు కింద రెండు భాషలున్నాయి: గుతోబ్ మాట్లాడే గదబలు ముండావారు, ఒల్లారి మాట్లాడే గదబలు ద్రావిడులు. తెగ గడి చూసి భాష గడి ఊహించి నింపేవారు ఇక్కడ తప్పక బోల్తా పడతారు. జాతాపుల దగ్గర ఇది తలకిందులవుతుంది. వాళ్ళలో చాలామంది ఇంటి భాష తెలుగే, కాబట్టి తెలుగు మాట్లాడుతున్నారని ‘తెగ కాదు’ అని రాసేస్తారు. లేదా కోంధుల శాఖే కదా అని కంధ (కోంధ్‌కు ఒడియా రూపం) అని రాస్తారు. ఒడిశా జాబితాలో జాతాపుకు సొంత పద్దు ఉంది.

ఈ జాబితా అక్షరాల పట్టింపు ఎంతటిదో తెలియాలి. రాజ్యాంగం 342వ అధికరణం కింద 1950లో రాష్ట్రపతి ఉత్తర్వుగా వచ్చిన పట్టిక అది, పార్లమెంటు తప్ప ఎవరూ మార్చలేరు. మహారాష్ట్రలో హల్బా తెగ జాబితాలో ఉంటే, హల్బా కోష్టీలు తామూ అందులోవారమేనన్నారు. 2000లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఒప్పుకోలేదు: పట్టికలో ఉన్నది ఉన్నట్టు చదవాలి, ఫలానా పేరు ఇందులో కలుస్తుందని విచారణ జరపకూడదు అంది. మన దగ్గరే చూడండి. 2024లో ఒడిశా పట్టికలో చేర్చిన పద్దు అవిభక్త కొరాపుట్‌కు ఇలా ఉంది: ముకదొర, మూకదొర, నుకదొర, నూకదొర. ఒకే జనానికి నాలుగు వర్ణక్రమాలు! ఒక దీర్ఘం తేడా వల్ల ధ్రువపత్రం ఆగిపోకుండా అలా రాశారు. కొండరెడ్డికీ రెండు రూపాలు పెట్టారు.

అందుకని పద్ధతి ఇది. అడిగేటప్పుడు ‘మీదే జాతి?’ అనకండి, రెండు ప్రశ్నలుగా విడదీయండి. ‘మీలో మీరు మిమ్మల్ని ఏమని చెప్పుకుంటారు?’ ఇది మాటల్లో వాడటానికి. ‘కాగితంలో ఏమని ఉంది?’ ఇది ఫారానికి. కాగితం చూపిస్తే అక్షరం అక్షరం ఎక్కించాలి. చెవికి విన్నది ఇంగ్లీషులో రాసుకుని, ఆ ఇంగ్లీషును మళ్ళీ తెలుగులోకో ఒడియాలోకో మార్చడం వల్లే సగం గందరగోళం వస్తుంది. తెగ పేరును ఇంటిపేరు గడిలో కుక్కడం మరో దురలవాటు. సికాకా, వడకా, కడ్రకా, ఇవి డోంగ్రియా కోంధుల వంశ నామాలు. వాటిని కొట్టేసి ‘కంధ’ అని పెడితే ఆధార్‌కూ బడి రిజిస్టరుకూ పొత్తు కుదరదు, పదో తరగతి దాకా ఎవరూ గమనించరు.

గుంపుగా చెప్పాల్సినప్పుడు ఆదివాసీలు అనవచ్చు. ప్రభుత్వ వ్యవహారంలో షెడ్యూల్డ్ తెగలు. గిరిజనులు అన్నది తిట్టు కాదు గాని అందరూ కొండల్లో ఉండరు. ‘ఏజెన్సీవాళ్ళు’ అన్నది 1839 నాటి చట్టంతో వచ్చిన పాలనా మాట, ప్రాంతానికి సరే, మనుషులకు నప్పదు. ‘ఆదిమ తెగలు’ అన్న మాటను 2006లో కేంద్రమే వదిలేసింది, ఇప్పుడు వాడేది ‘ప్రత్యేకంగా బలహీనమైన గిరిజన సమూహాలు’. నోరు తిరగని పేరే, కానీ ‘ఆదిమ’ కన్నా నయం. అనాగరికులు, అడవి మనుషులు అన్నవాటి గురించి చర్చ అక్కర్లేదు. దారుణం జరిగిన ప్రతిచోటా ‘ఆటవిక చర్య’ అని రాసే పత్రికల అలవాటు కూడా మానుకోదగ్గదే. అడవిలో ఉన్నవారు ఆ పని చేయలేదు కదా.

చట్టం మాట కూడా చెప్పాలి. ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల (అంటే దౌర్జన్యాల) నిరోధక చట్టం, 1989. దాని మూడో సెక్షన్‌లో నలుగురికీ తెలిసే చోట షెడ్యూల్డ్ కులం, తెగ వారిని కులం పేరుతో దూషించడం నేరం. పేరు జాబితాలో ఉన్న సరైన పేరే కావచ్చు, తిట్టుగా వాడితే అదే నేరం. ‘ఉన్న పేరేగా అన్నాను’ అన్నది జవాబు కాదు.

దేశాల పేర్ల దగ్గర మనం ఇంకా నిర్లక్ష్యం. గజపతి జిల్లా చంద్రగిరిలో 1963 నుంచి టిబెటన్లు ఉన్నారు. అక్కడి జిరాంగ్ బౌద్ధ విహారం చూడటానికి బస్సులు కట్టుకుని వెళ్తాం. తిరిగొచ్చి ‘నేపాలీ గుడి’ అంటాం, ఇంకొందరు ‘చైనావాళ్ళు’ అంటారు. చైనా పాలన వల్ల ఊరొదిలి వచ్చినవారిని చైనావాళ్ళనడం ఎంత గుచ్చుకుంటుందో ఆలోచించండి. ఫారంలో ఇంకో మెలిక ఉంది. టిబెటన్ అన్నది జాతి, పౌరసత్వం వేరే గడి. 1950 జనవరి 26 నుంచి 1987 జూన్ 30 లోపు భారత్‌లో పుట్టినవారు మన చట్టం ప్రకారం పుట్టుకతో పౌరులు. ముఖం చూసి ‘విదేశీయుడు’ అని రాయకూడదు, కాగితం అడగాలి.

మల్కన్‌గిరిలో ఎం.వి. (మల్కన్‌గిరి విలేజ్) అని నంబర్లతో ఉన్న ఊళ్ళు 1958లో మొదలైన దండకారణ్య ప్రాజెక్టు కింద బెంగాలీ శరణార్థులకు కట్టినవి. వాళ్ళను ‘బంగ్లాదేశీలు’ అనడం మన సంతల్లో మామూలైపోయింది. వాళ్ళలో చాలామంది వచ్చింది తూర్పు పాకిస్తాన్ నుంచి. బంగ్లాదేశ్ పుట్టింది 1971లో. లేని దేశం నుంచి ఎలా వస్తారు? పైగా ఈ రోజుల్లో ఆ ఒక్క మాట మనిషిని పోలీసుస్టేషను గుమ్మం దాకా తీసుకెళ్తుంది. బెంగాలీలు అనండి, చాలు.

బల్ల మీద ఖాళీ ఫారాలు పెట్టాం, మనిషికి రెండు తీసుకోండి. మొదటి దాంట్లో పక్కవారి చేత పలికించి తెగ గడి, మాతృభాష గడి నింపండి. రెండోది వారి కాగితం చూసి నింపండి. తర్వాత రెండూ పక్కపక్కన పెట్టి తేడాలు చూద్దాం.