గొంగడి, ఉన్ని, దూది: పాట వినే గదిని మనమే చేసుకుందాం

శ్రోతలకు నమస్కారం.

ఈ ప్రసంగం వింటూనే ఒక చిన్న పని చేయండి. మీరున్న గది మధ్యలో నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. చప్పుడు అక్కడికక్కడే తెగిపోతే మీ గది మంచిదే. అలా కాకుండా ‘ఝుర్ర్’మని ఒక సన్నటి మోత వెంటాడితే మాత్రం, ఆ గదిలో ఎంత ఖరీదైన స్పీకర్లు పెట్టినా పాటలోని మాటలు సగం ఆ మోతలోనే కలిసిపోతాయి.

నల్లగొండలోనైనా, పాలమూరులోనైనా ఈ ఇరవై ముప్పయ్యేళ్లలో కట్టిన ఇళ్లు చాలావరకు ఒకటే తీరు. సిమెంటు గోడలు, పైన స్లాబు, కింద టైల్స్ లేదా గ్రానైట్, కొంచెం పాత ఇల్లయితే తాండూరు బండలు. మన ఎండలకు ఆ నేల కాలికి చల్లగా ఉంటుంది, తుడుచుకోవడం సులువు. కానీ ఇవన్నీ తమను తాకిన ధ్వనిలో నూటికి తొంభై ఏడు పాళ్ల దాకా తిప్పి పంపేస్తాయి. ఎదురెదురు గోడల మధ్య 10 అడుగుల దూరం ఉంటే శబ్దం సెకనుకు 56 సార్లు అటు పోయి ఇటు వస్తుంది. చప్పట్ల తర్వాత మీరు విన్నది ఆ రాకపోకలనే.

ఈ విషయాన్ని మొదట లెక్క కట్టినాయన పేరు వాలెస్ సబైన్, అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చెప్పేవారు. 1895లో అక్కడ కొత్తగా కట్టిన ఒక ఉపన్యాస మందిరంలో మాట అర్థం కావడం లేదు. ఒక్క మాట పలికితే అది అయిదున్నర సెకన్లు గదిలో తిరుగుతూనే ఉండేది, ఈలోపు తర్వాతి మాటలు దాని మీద పడేవి. సబైన్ ఏం చేశారంటే, దగ్గర్లోని నాటకశాల కుర్చీల మీది మెత్తలను రాత్రిపూట మోయించి తెచ్చి, మందిరంలో పరిచి, ఆర్గన్ అనే వాయిద్యపు గొట్టం ఒకటి మోగించి ఆపి, శబ్దం చెవికి వినపడకుండా పోయే దాకా గడియారంతో కొలిచారు. కొన్ని మెత్తలు పరచడం, కొలవడం, ఇంకొన్ని పరచడం, మళ్లీ కొలవడం. తెల్లవారేలోగా మెత్తలన్నీ వాపసు వెళ్లాలి. మెత్తలన్నీ పరిచాక ఆ అయిదున్నర సెకన్లు ఒక సెకను దగ్గరికి దిగాయి. 1900లో తెరిచిన బోస్టన్ సింఫనీ హాలును కట్టేటప్పుడు ఆయన లెక్కలనే వాడారు. ఇవాళ్టికీ ప్రపంచంలోని మంచి సంగీత మందిరాల్లో ఒకటిగా దాన్ని చెప్పుకుంటారు. ఇంత పెద్ద శాస్త్రం కుర్చీ మెత్తలతో మొదలైందన్న సంగతి నాకు ఎంతో ధైర్యమిస్తుంది. మన ఇళ్లలో బొంతలకు, పరుపులకు కొదవేముంది?

సబైన్ లెక్కను మన గదికి వేసి చూద్దాం. 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు. ఇది దాదాపు 34 ఘనపు మీటర్లు. దాన్ని 0.161తో గుణించి, గదిలో ధ్వనిని పీల్చుకునే వైశాల్యంతో (ఒక్కో ఉపరితలం వైశాల్యాన్ని అది పీల్చే వంతుతో గుణించి కూడితే వచ్చేది) భాగిస్తే, శబ్దం పది లక్షల వంతుకు తగ్గడానికి పట్టే సమయం వస్తుంది. ఏ సామానూ లేని గదిలో అది రెండున్నర సెకన్ల పైమాటే. పాట హాయిగా వినడానికి అర సెకను లోపు ఉండాలి. అంటే పీల్చుకునే వైశాల్యం సుమారు 13 చదరపు మీటర్లకు పెరగాలి. కంగారు పడకండి. ఒక దివాను, కిటికీకి మందపాటి పరదా, కింద ఒక జంపఖానా, వినడానికి కూర్చున్న ఇద్దరు మనుషులు కలిస్తే సగం పని అయిపోతుంది. మిగిలిన సగానికి 4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు ఉన్న పలకలు ఆరు చాలు.

ఆ పలకలు ఎలా చేయాలో చెప్పేముందు, ఏవి పనికిరావో చెప్పాలి. కోడిగుడ్ల ట్రేలు గోడలకు అంటించిన గదులు మన ఊళ్లలో చాలా ఉన్నాయి. యూట్యూబు కోసం జానపద పాటలు రికార్డు చేసే పిల్లలు ఎంతో ఇష్టంగా, ఓపికగా అతికిస్తారు. కానీ అది పలచటి అట్ట. పై స్థాయి, అంటే కీచుగా ఉండే శబ్దాన్ని కాస్త చెదరగొడుతుందే తప్ప గొంతును, డప్పును అసలు ఆపలేదు. పైగా నిప్పురవ్వ పడితే గది మొత్తం అంటుకుంటుంది. థర్మకోల్ కూడా అంతే. దాని లోపలి గాలి బుడగలన్నీ మూసుకుపోయి ఉంటాయి, ధ్వని లోపలికి పోదు. గాలి చొరబడే గుణం ఉన్నదే ధ్వనిని పీలుస్తుంది. గాలి కణాలు ఆ పోగుల మధ్య దూరి రాసుకున్నప్పుడు వాటి కదలిక వేడిగా మారిపోతుంది. ఆ వేడి మన చేతికి తెలియనంత తక్కువ. పని జరిగేది మాత్రం అక్కడే.

అలాంటి పదార్థాల్లో అందరూ చెప్పేది రాక్‌వూల్, అంటే రాతిని కరిగించి పోగులుగా తీసిన ఉన్ని. ఘనపు మీటరుకు 48 కిలోల సాంద్రత ఉన్న పలకలు అడగండి. హైదరాబాదు రాణిగంజ్ వైపు ఇన్సులేషన్ సామాను అమ్మే దుకాణాల్లో దొరుకుతుంది. నిప్పుకు అంటుకోదు. కోసేటప్పుడు మాత్రం ముక్కుకు మాస్కు, చేతులకు గ్లవుజులు, నిండు చేతుల చొక్కా తప్పనిసరి.

కానీ నా మనసు మన గొర్రె ఉన్ని మీదే ఉంది. పాలమూరు, నారాయణపేట పల్లెల్లో కురుమలు పెంచే దక్కనీ గొర్రెల ఉన్ని ముతకది. గొంగళ్లు నేసేవారు తగ్గిపోయి దానికి గిరాకీ పడిపోయింది. చలికాలంలో ఇళ్లు వెచ్చగా ఉంచడానికీ, శబ్దం తగ్గించడానికీ గొర్రె ఉన్ని పలకలను చలిదేశాల వాళ్లు డబ్బులిచ్చి కొనుక్కుంటున్నారు. మనకేమో అది ఊరి పక్కనే ఉంది. ఉన్ని ఇంకో రకంగానూ మేలు. దూది చటుక్కున అంటుకుంటుంది, ఉన్ని అంత సులువుగా అంటుకోదు. సబ్బు నీళ్లలో రెండు మూడు సార్లు ఉతికి జిడ్డు పోగొట్టి, ఎండలో బాగా ఆరబెట్టి, చేతితో విడదీయాలి. పురుగు పట్టకుండా లోపల నాఫ్తలీన్ ఉండలు వేయాలి, ఏడాదికోసారి విప్పి చూసుకోవాలి. ఈ శ్రమ తప్పదు. 4 అడుగులు, 2 అడుగులు, 4 అంగుళాల మందం ఉన్న పలకకు రెండు నుంచి రెండున్నర కిలోల ఉన్ని పడుతుంది. గట్టిగా కూరవద్దు. కిందికి జారకుండా పరుపులు కుట్టేవాళ్లు వేసినట్టు అక్కడక్కడా దారం లాగి ముడులు వేయండి. ఉన్ని దొరక్కపోతే ఏకిన దూది. పత్తి మనకు కొత్త పంట కాదు కదా. దూది పలకలను స్విచ్చు బోర్డులకు, దీపాలకు దూరంగా పెట్టండి.

చట్రం సంగతి వడ్లాయనకు చెబితే అరపూటలో చేసి ఇస్తాడు. 4 అంగుళాల వెడల్పు పట్టీలతో పెట్టె, వెనక సన్నటి అడ్డపట్టీలు. వెనక ప్లైవుడ్ కొట్టించవద్దు. ముందు కప్పే బట్టను నోటికి ఆనించి ఊదండి, అవతల చేతికి ఊపిరి తగిలితే అది పనికొస్తుంది. పోచంపల్లి నూలు దుప్పటి, నారాయణపేట నూలు బట్ట, చివరికి శుభ్రంగా ఉతికిన గోనెపట్టా అయినా సరే. రెగ్జిన్, మందపాటి పట్టు వద్దు.

ఇక ముఖ్యమైన విషయం. పలకను గోడకు అతికించకండి, 4 అంగుళాల ఖాళీ వదలండి. గోడను ఆనుకున్న చోట గాలి కదలలేదు, కదలని చోట రాపిడి ఉండదు. గోడ నుంచి ధ్వని తరంగం పొడవులో నాలుగో వంతు దూరం ముందుకు వస్తే గాలి ఎక్కువగా కదులుతుంది. 1000 హెర్ట్జ్, అంటే సెకనుకు వెయ్యి కంపనాలున్న శబ్దానికి ఆ దూరం 8 సెంటీమీటర్ల పైన. 100 హెర్ట్జ్‌కు 85 సెంటీమీటర్లు. అందుకే అంగుళం ఫోమ్ గది నిండా అతికించినవాళ్లకు తాళాల మెరుపు పోతుంది, డప్పు మోత మాత్రం అలాగే మిగులుతుంది. గది మందకొడిగా, బరువుగా అనిపిస్తుంది. పలచటిది ఎక్కువ చోట్ల కన్నా మందమైనది తక్కువ చోట్ల ఉండటమే మేలని నా గట్టి నమ్మకం. గొంగడిని నాలుగు మడతలు వేసి గోడకు జానెడు దూరంలో వేలాడదీసినా, గొంతుకు సంబంధించిన మోత బాగా తగ్గుతుంది.

డప్పు, డోలు, బాస్ గిటారు లాంటి కింది స్థాయి శబ్దాల కథ వేరు. ఊపిన తొట్టిలో నీళ్లు ఈ అంచు నుంచి ఆ అంచుకు ఊగినట్టు గదిలో గాలి మొత్తం ఊగుతుంది. 12 అడుగుల గదిలో ఆ ఊపు సుమారు 47 హెర్ట్జ్ దగ్గర, 10 అడుగులకు 56 దగ్గర వస్తుంది. మన కిరాయి ఇళ్లలో అలవాటైన పది బై పది గది, పైకప్పు కూడా పది అడుగులైతే, మూడు ఊపులూ ఒకే చోట కలిసి ఒక్క స్వరం మాత్రమే గుమ్మని మోగుతుంది. ఇల్లు వెతుక్కునేటప్పుడు వీలుంటే పొడవు, వెడల్పు వేర్వేరుగా ఉన్న గది ఎంచుకోండి. లేదంటే మూలలను పట్టుకోండి. ఈ ఊపులన్నిటి ఒత్తిడీ చేరేది మూలల్లోనే. పాత దూది పరుపును చుట్టి మూలన నిలబెట్టండి, లేదా మూలకు అడ్డంగా రెండు పలకలు ఒకదాని మీద ఒకటి పెట్టి వెనక ఖాళీ అంతా ఉన్నితో వదులుగా నింపండి. ఆరు పలకల్లో నాలుగింటిని మూలలకే ఇచ్చినా తప్పు లేదు.

మిగతా పలకలు ఎక్కడ పెట్టాలో అద్దం చెబుతుంది. మీరు వినే కుర్చీలో కూర్చోండి. ఇంట్లో ఎవరినైనా పక్క గోడ వెంబడి అద్దం జరుపుతూ నడవమనండి. అద్దంలో స్పీకరు కనిపించిన చోట గుర్తు పెట్టండి. స్పీకరు నుంచి వచ్చి గోడను తాకి నేరుగా మీ చెవికి చేరే మొదటి శబ్దం అక్కడిది. రెండు పక్కలా అలాంటి చోట్ల ఒక్కో పలక. కుర్చీని మాత్రం వెనక గోడకు ఆనించవద్దు, గది నట్టనడుమా వేయవద్దు. పొడవులో మూడో వంతు దగ్గర వేసుకుంటే బాస్, అంటే కింది స్థాయి శబ్దం, సమంగా వినిపిస్తుంది. వెనక గోడకు చిన్నా పెద్దా పుస్తకాలున్న అలమారా ఉంటే శబ్దాన్ని చక్కగా చెదరగొడుతుంది.

చాలామంది అడిగేది ఒకటుంది: ఇవి పెడితే పక్కింటికి పాట వినపడదా? వినపడుతుంది. గదిలో మోత తగ్గించడం వేరు, గోడ దాటకుండా ఆపడం వేరు. దానికి బరువైన తలుపు, సందుల్లేకుండా రబ్బరు పట్టీలు కావాలి. అలాగే కూలరు హోరును కూడా ఈ పలకలు పూర్తిగా మింగవు. మన వేసవిలో కూలరు ఆపమని నేను చెప్పలేను. అది కిటికీ బయట ఉంటే కొంత నయం. లేదా తెల్లవారుజామున, ఊరు లేవకముందు వినండి.

కిరాయి ఇల్లయితే మేకులు కొట్టనక్కర్లేదు. చట్రం కింద రెండు అడ్డకాళ్లు బిగించి నిలబెట్టండి. గోడకు 4 అంగుళాల ఖాళీ కూడా దానంతట అదే వస్తుంది. మొదటి వారం పలకల చోట్లు మార్చి మార్చి, మీకు బాగా తెలిసిన ఒకే పాట పెట్టి వినండి. పాడే మనిషి గొంతు రెండు స్పీకర్ల నడుమ ఒక్క చోట నిలబడి వినిపించే దాకా జరుపుతూనే ఉండండి.

నమస్కారం.