పరమాణువులు ఎందుకు బంధించుకుంటాయి? శక్తి లెక్కల్లోంచి ఒక సంభాషణ

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. సోడియం తన చివరి కక్ష్యలోని ఒక్క ఎలక్ట్రాన్‌ను క్లోరిన్‌కు ఇచ్చేస్తుందని, దాంతో రెండింటికీ అష్టకం, అంటే చివరి కక్ష్యలో ఎనిమిది ఎలక్ట్రాన్లు, పూర్తవుతుందని మనమందరం చదువుకున్నాం. మేడమ్, రసాయన బంధాల గురించి అక్కడి నుంచే మొదలుపెడదామా?

అధ్యాపకురాలు: నమస్కారమండీ, తప్పకుండా. అష్టక నియమం గుర్తుపెట్టుకోవడానికి చాలా ఉపయోగపడుతుంది కానీ, బంధం ఏర్పడటానికి అసలు కారణం అది కాదు. వాయుస్థితిలో ఉన్న ఒక మోల్ సోడియం పరమాణువుల నుంచి ఒక్కొక్క ఎలక్ట్రాన్‌ను వేరుచేయాలంటే మనం 496 కిలోజౌళ్ల శక్తిని వెచ్చించాలి. ఆ ఎలక్ట్రాన్లను క్లోరిన్ పరమాణువులు స్వీకరించినప్పుడు వెలువడేది 349 కిలోజౌళ్లు మాత్రమే.

వ్యాఖ్యాత: అంటే ఇంకా 147 కిలోజౌళ్ల లోటు ఉంది. మరి ఈ బదిలీ ఎలా జరుగుతోంది?

అధ్యాపకురాలు: ఆ లోటును పూడ్చేది స్ఫటికం. విడివిడిగా ఉన్న ధన, రుణ అయాన్లు, అంటే ఎలక్ట్రాన్‌ను కోల్పోయి లేదా పొంది ఆవేశం సంతరించుకున్న పరమాణువులు, దగ్గరికి చేరి ఘనపదార్థంగా అమరినప్పుడు, మోల్‌కు సుమారు 787 కిలోజౌళ్ల శక్తి వెలువడుతుంది. దీన్నే జాలక శక్తి అంటాం. స్ఫటికంలో ప్రతి సోడియం అయాన్ చుట్టూ ఆరు క్లోరైడ్ అయాన్లు, ప్రతి క్లోరైడ్ చుట్టూ ఆరు సోడియం అయాన్లు ఉంటాయి కాబట్టి, ఈ సోడియం ఆ క్లోరిన్‌దే అని చెప్పగలిగే జంట ఏదీ అందులో ఉండదు. బ్రాగ్ తండ్రీకొడుకుల ఎక్స్-కిరణాల పరిశోధనలతో 1913లో ఈ అమరిక బయటపడింది. నన్ను ఇప్పటికీ అబ్బురపరిచే విషయమిది.

వ్యాఖ్యాత: ఉప్పు స్ఫటికాన్ని కొడితే సాగకుండా పగిలిపోవడానికీ ఈ అమరికే కారణమా?

అధ్యాపకురాలు: అవునండీ. దెబ్బ తగలగానే ఒక పొర కాస్త పక్కకు జరుగుతుంది. అంతవరకు వ్యతిరేక ఆవేశాలకు ఎదురుగా ఉన్న అయాన్లు ఒక్కసారిగా సజాతి ఆవేశాలకు ఎదురుపడతాయి. అవి వికర్షించుకోవడంతో ఆ తలం వెంబడి స్ఫటికం నున్నగా చీలిపోతుంది. కరిగించాలంటే మాత్రం 801 డిగ్రీల సెల్సియస్ వరకు వేడిచేయాలి.

వ్యాఖ్యాత: ఇప్పటిదాకా చెప్పుకున్నది అయాన్ల మధ్య ఏర్పడే అయానిక బంధం. ఇక సమయోజనీయ బంధం. రెండూ ఒకే రకం పరమాణువులైతే ఎలక్ట్రాన్‌ను ఎవరు ఎవరికి ఇవ్వాలి?

అధ్యాపకురాలు: అక్కడ బదిలీకి ఆస్కారమే లేదు. రెండు పరమాణువులు ఒక ఎలక్ట్రాన్ జంటను పంచుకుంటాయని 1916లో గిల్బర్ట్ లూయిస్ ప్రతిపాదించారు. పంచుకుంటే స్థిరత్వం ఎందుకు వస్తుందో హైడ్రోజన్ అణువు విషయంలో హైట్లర్, లండన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1927లో క్వాంటమ్ సిద్ధాంతంతో చూపించారు. రెండు హైడ్రోజన్ పరమాణువులు దగ్గరవుతున్నప్పుడు, వ్యతిరేక స్పిన్‌లు గల వాటి ఎలక్ట్రాన్లను రెండు కేంద్రకాలూ ఆకర్షిస్తాయి, దాంతో మొత్తం శక్తి తగ్గుతూ వస్తుంది. కేంద్రకాల మధ్య దూరం 74 పికోమీటర్లకు చేరినప్పుడు శక్తి కనిష్ఠమవుతుంది. అంతకన్నా దగ్గరైతే వికర్షణ పైచేయి సాధిస్తుంది. ఆ బంధాన్ని తెంచాలంటే మోల్‌కు 436 కిలోజౌళ్లు కావాలి.

వ్యాఖ్యాత: రుణవిద్యుదాత్మకతల, అంటే బంధంలోని ఎలక్ట్రాన్లను తమవైపు లాక్కునే సామర్థ్యాల, తేడా 1.7 దాటితే అయానిక బంధమని, దాటకపోతే సమయోజనీయమని పరీక్షల్లో రాస్తుంటాం. ఆ గీత అంత కచ్చితమైనదా?

అధ్యాపకురాలు: కాదు. పౌలింగ్ స్కేలుపై ఫ్లోరిన్ విలువ 3.98, హైడ్రోజన్ విలువ 2.20, తేడా 1.78. ఆ నియమం ప్రకారం హైడ్రోజన్ ఫ్లోరైడ్ అయానిక పదార్థం కావాలి. వాస్తవానికి అది అణువులతో ఏర్పడిన పదార్థం, దాదాపు 20 డిగ్రీల దగ్గరే మరిగిపోతుంది. పంచుకున్న జంట ఫ్లోరిన్ వైపు బాగా ఒరిగి ఉంటుందే తప్ప పూర్తిగా దాని సొంతం కాదు. దీన్ని ధ్రువ సమయోజనీయ బంధం అంటాం. అయానిక, సమయోజనీయ బంధాలను రెండు వేర్వేరు గదులుగా కాక, ఒకదానిలోంచి మరొకదానిలోకి క్రమంగా మారే స్థితులుగా చూడాలన్నది నా దృఢమైన అభిప్రాయం.

వ్యాఖ్యాత: హైడ్రోజన్ క్లోరైడ్ కూడా అలాంటిదే కదా, మరి నీటిలో కలిపితే అయాన్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి?

అధ్యాపకురాలు: వాయువుగా ఉన్నప్పుడు అందులో అయాన్లు లేవు. నీటిలో కలిసినప్పుడు హైడ్రోజన్ తన ఎలక్ట్రాన్‌ను క్లోరిన్ దగ్గరే విడిచి, నీటి అణువులోని ఆక్సిజన్‌తో కొత్త బంధం ఏర్పరచుకుంటుంది. అలా ఏర్పడిన హైడ్రోనియం, క్లోరైడ్ అయాన్లను నీటి అణువులు చుట్టుముట్టినప్పుడు వెలువడే శక్తి, పాత బంధాన్ని తెంచడానికి అయ్యే ఖర్చును భర్తీ చేస్తుంది.