అంకె వేదవాక్కయ్యే తీరు

సభకు నమస్కారం.

ఆర్థికశాస్త్రాన్ని నేటి మతం అనగానే మార్కెట్‌ను దేవుడితోనూ, కేంద్ర బ్యాంకు అధిపతిని పూజారితోనూ పోల్చేస్తారు. సరదా పోలికే గానీ దానివల్ల తెలిసేది తక్కువ. ఒక అవసరానికి వేసిన లెక్క, ఎందుకు వేశారో మరుగునపడి శాసనమైపోతుందే, మత లక్షణం అక్కడ పట్టుబడుతుంది.

యూరప్ దేశాలు ఉమ్మడి కరెన్సీ కోసం చేసుకున్న 1992 నాటి మాస్ట్రిచ్ ఒప్పందాన్నే తీసుకోండి. ప్రభుత్వ లోటు జీడీపీలో 3 శాతం, అప్పు 60 శాతం దాటకూడదన్నారు. ఈ 60 ఎక్కడిది? అప్పటికి ఆ దేశాల సగటు అప్పు సుమారుగా అంతే! ధరల పెరుగుదలతో కలిపి జీడీపీ ఏటా 5 శాతం పెరుగుతుందనుకుంటే, 60లో 5 శాతం 3. ఏటా 3 శాతం లోటున్నా అప్పు 60 దగ్గరే ఉంటుంది. అంతవరకు లెక్క సరిపోయింది. మరి ఆ వృద్ధి 3 శాతానికి పడిపోతే? అదే లోటుతో అప్పు ఏళ్ల తరబడి పాకుతూ 100 శాతం వైపు పోతుంది. మొదటి నియమం పాటిస్తూనే రెండోది తప్పుతామన్నమాట.

ద్రవ్యోల్బణానికి 2 శాతం లక్ష్యం కూడా ప్రకృతి సూత్రమేమీ కాదు. 1990లో న్యూజిలాండ్ 0 నుంచి 2 శాతం అని పెట్టుకున్నాక మిగతా దేశాలు ఆ దారి పట్టాయి.

ఇక 90 శాతం సంగతి. అప్పు అంత దాటిన దేశాల సగటు వృద్ధి మైనస్ 0.1 శాతమని 2010లో ఆర్థికవేత్తలు రైన్‌హార్ట్, రోగాఫ్ రాశారు. పొదుపు కోతలకు నేతలు దాన్ని ప్రమాణంగా చూపారు. 2013లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆ ఇద్దరి ఎక్సెల్ ఫైలు తెరిస్తే, సగటు ఫార్ములాలో అక్షరక్రమంలో మొదటి 5 దేశాలు కలవనే లేదు. ఆ పొరపాటు ఒక్కటే అయితే తేడా చిన్నదే. కొన్ని ఏళ్ల వివరాలు వదిలేయడం, ఒక దేశపు ఒకే ఏడాది అనుభవానికీ ఇంకో దేశపు పందొమ్మిదేళ్ల అనుభవానికీ సమాన బరువివ్వడం అసలు లోపాలు. సరిచేస్తే ఆ సగటు వృద్ధి 2.2 శాతం వచ్చింది. అయినా అప్పు మీద అనుమానం పోలేదు. జర్మన్‌లో ‘షుల్డ్’ అంటే అపరాధమనీ అర్థమే, అప్పు అనీ అర్థమే మరి.

2024లో యూరప్ ఆ ఆర్థిక నియమాలను తిరగరాసి, దేశానికో ఖర్చు పరిమితి పద్ధతి తెచ్చింది. 3, 60 మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. అవి ఒప్పందానికి జోడించిన ప్రోటోకాల్‌లో ఉన్నాయి, మార్చాలంటే సభ్యదేశాలన్నీ ఏకగ్రీవంగా ఒప్పుకోవాలి.