మార్కులు రంగుకా, బండికా?

నమస్కారం అండి. ఈసారి కొత్త కారు రివ్యూ కాదు, జడ్జింగ్ రివ్యూ. పోయిన ఆదివారం విజయనగరంలో పాతబండ్ల షో చిన్నది ఒకటి పెట్టి, నన్ను జడ్జిగా పిలిచారు. పిలిచినప్పుడు సరదాగానే ఉంది. చేతిలో మార్కుల షీటు పడ్డాక టెన్షన్ మొదలైంది.

ఈ క్లిప్ చూడండి. ఎడమ పక్కన అంబాసిడర్, అద్దంలా మెరిసిపోతోంది. గ్రిల్లు చూస్తే అరవైల నాటి మార్క్ 2. బానెట్ ఎత్తితే ఇసుజు ఇంజిన్! అది అంబాసిడర్‌లోకి వచ్చింది తొంభైల్లో. తనది ఏ కాలమో ఆ బండికే తెలీదు.

కుడి పక్కన ప్రీమియర్ పద్మిని. రంగు వెలిసిపోయింది. డ్రైవర్ తలుపు మీద, సరిగ్గా మోచెయ్యి ఆనించే చోట, పెయింట్ అరిగి లోపలి ప్రైమర్ కనిపిస్తోంది. స్టీరింగ్ పక్కన గేర్ రాడ్డు, సీటు కవరు, అన్నీ కంపెనీవే. రంగు వెయ్యలేదేమండీ అంటే ఓనరు పెద్దాయన, "ఎయ్యగల్ను బాబూ. ఏస్తే మా నాన్న మోసెయ్యి ఆన్సిన సోటు పోద్ది కదేటి?" అన్నాడు.

ఇప్పుడు షీటు సంగతి. వందలో పెయింటుకి 30, ఒరిజినాలిటీకి, అంటే కంపెనీ నుంచి వచ్చినట్టే ఉన్నందుకు, 10. ఇంకేముంది, షీటు కొట్టించిన రోజే ఫలితం తేలిపోయింది. నాతో ఉన్న ఇంకో జడ్జి గారు మాత్రం, రెండేళ్ళు షెడ్డు చుట్టూ తిరిగినవాడి కష్టానికి విలువ లేదా అన్నారు. అదీ నిజమే. అందుకే రెండింటినీ ఒకే వరసలో నిలబెట్టకూడదు. అమెరికాలోని పెబుల్ బీచ్ పాతబండ్ల పోటీలో రీస్టోర్ చెయ్యని, అంటే మళ్ళీ కొత్తదానిలా తయారుచెయ్యని, బండ్లకి ప్రిజర్వేషన్ అని విడిగా క్లాసు ఉంది. 2024లో ఆ క్లాసు బండే, 1934 నాటి బుగాటీ టైప్ 59, మొదటిసారి బెస్ట్ ఆఫ్ షో, అంటే మొత్తం పోటీలో అన్నిటికన్నా పెద్ద బహుమతి, కొట్టింది.

నా తప్పులూ చెప్పాలి. పొద్దున్న నీడలో చూసిన బండ్లకి గీతలు కనపడలేదు, మధ్యాహ్నం ఎండలో చూసినవాటికి ప్రతి గీతా కనపడింది. మళ్ళీ మొదటికెళ్ళి మూడు బండ్లకి మార్కులు దిద్దాను. పైగా ఆ అంబాసిడర్ ఓనరు మా బావకి స్నేహితుడు. టీ పంపించాడు, తాగేశాను కూడా. తాగకుండా ఉండాల్సింది.

కప్పు అంబాసిడర్‌కే వెళ్ళింది. షీటు కింద సంతకం నాదే. పెద్దాయన చోక్ లాగి, ఒక్క సెల్ఫుకే స్టార్ట్ చేసి, మోచెయ్యి అదే చోట ఆనించి వెళ్ళిపోయాడు.

షోకి పదికి ఏడు. జడ్జింగ్‌కి నాలుగు, నన్ను కూడా కలుపుకునే. వచ్చే ఏడు షీటు మార్చకపోతే నేను రానని అక్కడే చెప్పేశాను.