క్లబ్ చరిత్ర వేలానికి వెళ్ళకముందే

అందరికీ నమస్కారం. టైమ్ తక్కువుంది, నేరుగా విషయంలోకి వచ్చేస్తాను.

ప్రపంచంలో అన్నిటికంటే పాత ఫుట్‌బాల్ క్లబ్ షెఫీల్డ్ ఎఫ్‌సీ. 1857లో పెట్టారు. 2004లో ఫిఫా ఆర్డర్ ఆఫ్ మెరిట్ అనే గౌరవాన్ని క్లబ్బుల్లో రెండింటికే ఇచ్చింది, ఒకటి రియల్ మాడ్రిడ్, రెండోది ఈ చిన్న క్లబ్బే. అలాంటి క్లబ్ 2011 జులైలో తన పాత కాగితాల్ని లండన్‌లో సదబీస్ వేలంలో పెట్టి అమ్మేసింది. వాటిలో ఏమున్నాయంటే, 1858లో ఆట ఎలా ఆడాలో చేత్తో రాసుకున్న రూల్స్, ఇంగ్లండ్‌లో ఆటని నడిపే ఫుట్‌బాల్ అసోసియేషనే (ఎఫ్‌ఏ) అప్పటికి పుట్టలేదు, అది 1863లో వచ్చింది, అంటే ఈ ఆటకి ఒక రూపం వస్తున్నప్పుడు కొట్టివేతలతో సహా రాసుకున్న కాగితాలన్నమాట. 8,81,250 పౌండ్లు వచ్చాయి. కొన్నదెవరో బయటికి చెప్పలేదు.

ఆ క్లబ్‌ని నేను తప్పుపట్టట్లేదండీ. కింది లీగుల్లో ఆడే క్లబ్ అది, వచ్చిన డబ్బు క్లబ్ అభివృద్ధికే అన్నారు, బీరువాలో కాగితాలు పెట్టుకుని పిల్లలకి గ్రౌండ్ లేకపోతే ఏం లాభం అని ఎవరైనా అడిగితే చెప్పడం నాకూ కష్టమే. కానీ క్లబ్బుకి డబ్బు అవసరం పడినప్పుడల్లా ముందు కనిపించేవి ఈ పాత వస్తువులే అవుతున్నాయి చూడండి, అక్కడే నా బాధ. ఎందుకంటే మళ్ళీ తయారుచెయ్యలేనివి అవి ఒక్కటే.

ఈరోజు నేను చెప్పదల్చుకున్నది ఒకటే. క్లబ్ పాత వస్తువులు క్లబ్‌ని నడిపే కంపెనీ పేరు మీద ఉండకూడదు. ఒక ట్రస్ట్ పెట్టి దానికి రాసిచ్చెయ్యాలి, అదీ క్లబ్ బాగా నడుస్తున్న రోజుల్లోనే.

ఎందుకో చెప్తాను. ఓనర్లు మారతారు, కొత్త ఓనర్ కొన్నది కంపెనీని, కప్పులు మెడల్స్ జెర్సీలు అన్నీ దాంతో పాటే వచ్చేస్తాయి, ఆయన మంచివాడైతే సరే, కాకపోతే ఏది అమ్మినా అడిగేవాడు ఉండడు. దివాలా తీస్తే ఇంకా ఘోరం. దివాలా కంపెనీ ఆస్తులు అమ్మిపెట్టే అధికారిని లిక్విడేటర్ అంటారు, ఆయన పని అప్పులిచ్చినవాళ్ళకి వీలైనంత డబ్బు తిరిగి ఇప్పించడం, ఆయన లిస్టులో వందేళ్ళ నాటి కప్పు, గడ్డి కోసే మెషిన్ పక్కపక్కనే ఉంటాయి, ఆయన్ని అనడానికి కూడా లేదు, చట్టం ఆయనకిచ్చిన పని అది. ఇంకో సంగతి, చాలామందికి తెలీదు, దివాలా దగ్గరపడ్డాక హడావిడిగా ట్రస్ట్‌కి రాసిచ్చినా అప్పులవాళ్ళు కోర్టుకెళ్ళి ఆ బదిలీని రద్దు చేయించొచ్చు. అందుకే బాగున్నప్పుడే అంటున్నాను.

ఇంగ్లండ్‌లో ఫ్యాన్స్ 2011 నాటి లోకలిజం చట్టాన్ని వాడుకుని ఓల్డ్ ట్రాఫర్డ్, ఆన్‌ఫీల్డ్ లాంటి గ్రౌండ్స్‌ని సమాజానికి విలువైన ఆస్తులుగా నమోదు చేయించారు, గొప్ప పని. కానీ అది నేలకీ భవనాలకే. బీరువాలో ఉన్న మినిట్స్ బుక్‌కి, అంటే క్లబ్ మీటింగుల్లో ఏం అనుకున్నారో రాసిపెట్టిన పుస్తకానికి, ఆ రక్షణ లేదు.

ఇక ఏది ఎవరిది అన్న చిక్కు. ఆటగాడి మెడల్ ఆటగాడిదే, అందులో వాదన లేదు. 1966 వరల్డ్ కప్ గెలిచిన నాబీ స్టైల్స్ 2010లో తన మెడల్స్ వేలానికి పెట్టాడు, కుటుంబం కోసం. అప్పుడు మాంచెస్టర్ యునైటెడ్ ముందుకొచ్చి ఆ వరల్డ్ కప్ మెడల్‌నీ, 1968 యూరోపియన్ కప్ మెడల్‌నీ కొని తన మ్యూజియంలో పెట్టుకుంది. ఆటగాడికి డబ్బు దక్కింది, మెడల్స్ జనం చూసే చోటే ఉన్నాయి. నాకు తెలిసినంతలో ఇంతకంటే మంచి పద్ధతి లేదు, కాకపోతే అందరు ఆటగాళ్ళ వెనకా అంత డబ్బున్న క్లబ్ ఉండదు కదా.

లోన్ సంగతి కూడా చూడండి, అంటే వస్తువు సొంతదారుదే, మ్యూజియంలో పెట్టడానికి కొన్నాళ్ళు ఇస్తారంతే. 1986లో చేత్తో గోల్ కొట్టిన మ్యాచ్‌లో మారడోనా వేసుకున్న జెర్సీ, ఆట అయిపోయాక ఇంగ్లండ్ ఆటగాడు స్టీవ్ హాడ్జ్ మార్చుకున్నాడు, ఏళ్ళ తరబడి నేషనల్ ఫుట్‌బాల్ మ్యూజియంలో ఉంది, జనమంతా అది మ్యూజియందే అనుకున్నారు. 2022లో వేలానికి వెళ్ళింది, 71 లక్షల పౌండ్లు. హాడ్జ్‌ది, ఆయన అమ్ముకున్నాడు, అది ఆయన హక్కు. మనం నేర్చుకోవాల్సింది ఏంటంటే అద్దాల పెట్టెలో ఉన్నంత మాత్రాన అది భద్రంగా ఉన్నట్టు కాదు, అది గిఫ్టా లోనా అన్నది ఒప్పందం కాగితంలో ఏం రాసుందో చూడాలి.

ఫుట్‌బాల్ అసోసియేషన్ పోటీలో గెలిచినవాళ్ళకి ఇచ్చే ఎఫ్‌ఏ కప్ అయితే అదృష్టం కొద్దీ మిగిలింది. మొదటి కప్‌ని 1895లో బర్మింగ్‌హామ్‌లో ఒక షాపు కిటికీలో పెడితే దొంగలెత్తుకెళ్ళారు, ఇప్పటిదాకా దొరకలేదు. దాని బదులు చేయించి 1896 నుంచి 1910 దాకా ఇచ్చిన కప్పే ఇప్పుడున్న వాటిలో పాతది. అది 2005లో వేలానికొస్తే డేవిడ్ గోల్డ్ అనే వ్యాపారి కొని మ్యూజియంకి లోన్ ఇచ్చాడు, 2020లో ఆయన అమ్మితే మాంచెస్టర్ సిటీ ఓనర్ షేక్ మన్సూర్ కొన్నాడు, ఆయనా మ్యూజియంకే ఇచ్చాడు. రెండుసార్లూ కొన్నవాళ్ళు దయతో ఇచ్చారు కాబట్టి సరిపోయింది. మూడోసారి?

లౌరీ అనే ఇంగ్లండ్ చిత్రకారుడు వేసిన బొమ్మ కూడా అంతే. బోల్టన్‌లో మ్యాచ్‌కి వెళ్తున్న జనం, 1953లో వేసింది, 2022లో 78 లక్షల పౌండ్లు పెట్టి సాల్ఫర్డ్‌లోని లౌరీ గ్యాలరీ కొనుక్కుంది, ఒక కుటుంబ ఫౌండేషన్ డబ్బివ్వబట్టి.

సరే, మన చేతిలో ఏముంది? ముందు లిస్ట్. చాలా క్లబ్బుల దగ్గర లిస్టే ఉండదు, లిస్ట్ లేకపోతే పోయినా పోయిందని తెలీదు. ప్రతి వస్తువుకీ ఫొటో, కొలతలు, దాని మీద చెక్కిన అక్షరాలు, ఎవరిచ్చారు, గిఫ్టా లోనా, ఆ కాగితం ఎక్కడుంది, ఇవన్నీ రాయాలి. పెద్దవాళ్ళు ఉండగానే కూర్చోబెట్టి అడగాలి, ఆ జెర్సీ ఎవరిదో చెప్పగలిగిన చివరి మనిషి పోతే అది వట్టి పాత గుడ్డే. ఇంకా, అందరి కళ్ళూ కప్పుల మీదే ఉంటాయి గానీ నన్నడిగితే మినిట్స్ బుక్స్, టికెట్లు, ఆటగాళ్ళకి రాసిన ఉత్తరాలు, జీతాల లెక్కల పుస్తకాలు, ఇవి ముఖ్యం. కప్పు గెలిచామని చెప్తుంది అంతే, ఆ ఏడాది క్లబ్ ఎలా బతికిందో లెక్కల పుస్తకం చెప్తుంది, పైగా వేలంలో ధర పలకదని దాన్నే ముందు చెత్తలో పడేస్తారు. వెండి కప్పుల్ని మెరవాలని ఊరికే రుద్దకండి, చెక్కిన పేర్లు అరిగిపోతాయి. ఉన్ని జెర్సీలకి ఎండ తగలనివ్వొద్దు, పురుగు పట్టకుండా చూసుకోవాలి.

ట్రస్ట్ పత్రంలో రెండు మూడు మాటలు గట్టిగా ఉండాలి. క్లబ్ మూతపడితే వస్తువులు ఏ మ్యూజియంకి వెళ్తాయో పేరుతో సహా రాయాలి. ట్రస్టీల్లో క్లబ్ ఓనర్ మనుషులు ఎక్కువమంది ఉండకూడదు. ట్రస్ట్ వస్తువుల్ని తాకట్టు పెట్టే అధికారం ఎవరికీ ఉండకూడదు, అమ్మకం కంటే తాకట్టే ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే అది బయటికి కనపడదు. అలాగే ఆటగాళ్ళ కుటుంబాలతో ముందే మాట్లాడి, ఎప్పుడైనా అమ్మాలనుకుంటే ముందు మాకు చెప్పండి అని ఒక కాగితం రాయించుకోవాలి. ఊరికే ఇచ్చెయ్యమని వాళ్ళని అడగడం న్యాయం కాదు.

వేలం ప్రకటన వచ్చేసింది అనుకోండి, అప్పుడు మొదట చూడాల్సింది హక్కు, అమ్ముతున్నవాళ్ళకి అది నిజంగా సొంతమా, క్లబ్ నుంచి ఎప్పుడో లోన్‌గా వెళ్ళిందా. లిస్ట్ ఉంటే ఇక్కడే పనికొస్తుంది, హక్కు మీద గట్టి అనుమానం చూపిస్తే వేలం సంస్థ ఆ వస్తువుని పక్కన పెట్టే అవకాశం ఉంది. అది కుదరకపోతే చందాలు, మ్యూజియంలు, ఊళ్ళో పెద్ద సంస్థలు, ఎవరినైనా అడగాలి. కాగితాలైతే అమ్మకానికి ముందే మొత్తం స్కాన్ చేసుకోనివ్వమనాలి, అసలు పోయినా లోపలున్న విషయం మిగులుతుంది. అన్నీ అయిపోయి వేరేవాళ్ళు కొనేసినా వదిలెయ్యకండి. కొన్నవాళ్ళ పేరు సంస్థ చెప్పదు గానీ ఉత్తరం ఇస్తే చేరుస్తారా అని అడగండి, అందులో కోపం లేకుండా, ఆ వస్తువు మన క్లబ్బుకి ఏంటో వివరంగా రాసి, కనీసం క్లబ్ వార్షికోత్సవానికైనా లోన్ ఇమ్మనండి.