తోక మీద గీత

శ్రోతలకు నమస్కారం.

చెన్నై మీనంబాక్కంలో ఒక సాయంత్రం హైదరాబాద్ విమానం కోసం ఎదురుచూస్తున్నాం. మేము ఎక్కవలసిన విమానం దిగేటప్పుడు దాని తోక రన్‌వేకు రాసుకుందని, తనిఖీ పూర్తయితే గాని కదలదని ప్రకటించారు. మిగతా విమానాల్లో సీట్లు లేవు. తెల్లవారుజామున మనవరాలి పెళ్లి ముహూర్తం ఉన్న ఒక పెద్దాయన కౌంటరులోని అమ్మాయిని నిలదీశారు. "ఒక గీత పడినంత మాత్రాన విమానం ఆపేస్తారా తల్లీ?" పాపం, ఆ అమ్మాయి ఏం చెబుతుంది? ఆయన పక్కన కూర్చుని నేను చెప్పిన జవాబే ఇప్పుడు మీకూ చెబుతాను.

విమానం ముక్కు కాస్త పైకెత్తి, వెనుక చక్రాల మీద వాలుతుంది. వేగం మరీ తగ్గి, గాలిలో నిలపడానికి పైలట్ ముక్కును ఇంకా ఎత్తినా, చక్రాలు నేలను తాకి ఎగిరిపడ్డ క్షణంలో తొందరపడి ఎత్తినా తోక నేలకు తగులుతుంది. లోపల కూర్చున్నవారికి ఒక్కోసారి తెలియనైనా తెలియదు. పొడవైన విమానాలకు ఈ గండం ఎక్కువ. ఎయిర్‌బస్ ఎ320 పొడవు సుమారు 37.5 మీటర్లు, దాని అక్క ఎ321ది 44.5 మీటర్లు. ఆరు నెలల్లో నాలుగుసార్లు ఎ321ల తోకలు నేలకు తగిలినందుకు 2023లో మన దేశంలో ఒక విమాన సంస్థకు 30 లక్షల రూపాయల జరిమానా పడింది.

ప్రయాణికుల గదికి చివర, తోక లోపల, గిన్నెలాంటి ఒక గోడ ఉంటుంది. పైకి వెళ్లినప్పుడు ఆ చివర గాలి ఒత్తిడినంతా అదే మోస్తుంది. ఎగిరిన ప్రతిసారీ విమానం దేహం బూరలా కాస్త ఉబ్బుతుంది, దిగాక సర్దుకుంటుంది. ఇనుప తీగను అటూ ఇటూ వంచుతూ పోతే చివరికి తెగుతుంది కదా. దెబ్బ తిన్న లోహం కూడా అలాగే చీలుతుంది.

1978 జూన్ 2న ఒసాకాలో దిగుతూ జపాన్ ఎయిర్‌లైన్స్ వారి బోయింగ్ 747 ఒకటి తోకను రాసుకుంది. ఆ గిన్నె గోడ దెబ్బతింది. మరమ్మతు చేసినవారు బోయింగ్ నిపుణులే. కానీ అతుకు రేకును రెండు ముక్కలుగా కోసి పెట్టడం వల్ల రెండు వరుసల రివెట్లు (రేకులను బిగించే మేకులు) మోయవలసిన భారం ఒక్క వరుస మీదే పడింది. ఆ తర్వాత విమానం ఏడేళ్లు తిరిగింది, 12,000 సార్లకు పైగా ఎగిరి దిగింది. 1985 ఆగస్టు 12న టోక్యో నుంచి ఒసాకా వెళ్తుండగా గోడ బద్దలైంది. దూసుకొచ్చిన గాలి నిలువు తోకను ఊడగొట్టింది, విమానాన్ని అదుపు చేసే పలకలను కదిలించే ద్రవం పారే హైడ్రాలిక్ గొట్టాలన్నీ తెగిపోయాయి. చుక్కాని లేని ఆ విమానాన్ని పైలట్లు సుమారు అరగంట గాలిలో నిలిపారు. ఆ అరగంటను తలచుకుంటే ఈనాటికీ నాకు మాట పెగలదు. చివరికి అది కొండను ఢీకొంది. అందులో 524 మంది ఉన్నారు.

2002 మే 25న చైనా ఎయిర్‌లైన్స్ 747 ఒకటి తైవాన్ జలసంధి మీద గాలిలోనే ముక్కలైంది. 225 మందీ పోయారు. దాని తోక రాసుకున్నది 1980లో, హాంకాంగ్‌లో. అప్పటి గీతలను పూర్తిగా తొలగించకుండా పైన రేకు కప్పేశారు. ఆ రేకు కింద పగులు 22 ఏళ్లు పాకింది.

పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆ జపాను విమానంలో అందరూ పోయారా బాబూ?" అని అడిగారు.

"నలుగురు బతికారండీ."

అద్దాల అవతల ఇద్దరు టార్చిలైట్లు పట్టుకుని తోక కింద వంగి చూస్తున్నారు. ఆయన వాళ్లవైపు చూస్తూనే జేబులోంచి ఫోను తీసి, పెళ్లింటికి చేసి, "ముహూర్తానికి నా కోసం ఆగకండి, కానివ్వండి" అని చెప్పారు.