కొత్త లశునపు మొక్కకు శాస్త్రీయ వర్ణన రాయడం ఎలా? లెడెబూరియా ఉదాహరణగా

నమస్కారం. నేలలో ఉల్లి వంటి లశునం (బల్బు) దాచుకొని, తొలకరికి ఆకు తొడిగి పూసే మొక్క ఒకటి కనబడి, అది తెలిసిన జాతుల్లో దేనికీ సరిపోలేదనుకోండి. దానిని కొత్త జాతిగా నిరూపించే వర్ణనను ఎలా రాయాలో ఈ వీడియోలో చూద్దాం. ఉదాహరణగా లెడెబూరియా అనే ప్రజాతిని, అంటే దగ్గరి జాతుల సమూహాన్ని, తీసుకుంటున్నాను. ఈ ప్రజాతిలో హైదరాబాద్ పేరు మీదనే లెడెబూరియా హైదరాబాదెన్సిస్ అనే జాతి 2012లో క్యూ బులెటిన్ అనే వృక్షశాస్త్ర పత్రికలో ప్రచురితమైంది. కొత్త జాతి కోసం నల్లమల లోలోపలికి వెళ్లవలసిందేనని భావించే విద్యార్థులు ఆ పేరును ఒకసారి తలచుకోవడం మంచిది.

ఈ మొక్కలు ఇంతకాలం కంటపడకపోవడానికి కారణం వాటి జీవనక్రమంలోనే ఉంది. వానలు పడ్డాక కొద్ది వారాలలో ఆకు, పువ్వు, కాయ అన్నీ ముగించుకొని, మిగిలిన ఏడాదంతా నేల కిందనే ఉండిపోతాయి. హెర్బేరియంలో, అంటే ఎండబెట్టిన మొక్కలను భద్రపరిచే చోట, షీటు మీద అతికించిన నమూనాలో ఆకుల మచ్చలు, పూరేకుల రంగు, లశునపు పొరల అమరిక చాలావరకు చెడిపోతాయి. అందువల్ల లశునపు మొక్కల వర్ణన బతికిన మొక్క దగ్గరే మొదలు కావాలి. షీటును చూసి రాసిన వర్ణనను నేనైతే సగం వర్ణనగానే లెక్కిస్తాను.

ముందుగా తవ్వడం. సంకోచ వేళ్లు, అంటే ముడుచుకొని పొట్టిగా అయ్యే వేళ్లు, లశునాన్ని ఏటేటా లోతుకు లాగుతాయి కనుక మొక్కను ఆకులు పట్టి పీకకూడదు. పక్కనుంచి సన్నని తాపీతో మట్టి తొలగించి, వేళ్లతో సహా పైకి తీయండి. తరువాత ఒక లశునాన్ని నిలువుగా రెండుగా కోసి, పొరలు బిగువుగా ఉన్నాయా, వదులుగా ఉన్నాయా చూడండి. ఇప్పుడు తెరపై చూస్తున్నట్లు ఒక పొరను మెల్లగా చింపితే, కొన్ని జాతులలో చీలిన అంచుల మధ్య సాలెపట్టు వంటి సన్నని దారాలు సాగుతాయి. దారాలు వచ్చినా, రాకపోయినా ఆ సంగతి రాసుకోవాలి.

ఆకు విషయంలో కొలతలతో పాటు అది నేలకు ఆనుకొని పరుచుకుందా, నిటారుగా నిలిచిందా, మచ్చలు పైవైపునే ఉన్నాయా, రెండు వైపులా ఉన్నాయా, కొన నుంచి వేళ్లు పుట్టుకొస్తున్నాయా అన్నవి కూడా చేర్చండి. పువ్వును పది రెట్ల లెన్సు కింద పెట్టి, ఆరు రేకులు వెనక్కి వంగిన తీరును, ఆరు కేసరాల కాడల రంగును గమనించండి. అండాశయం చిన్న కాడ మీద నిలిచి ఉండడం, దాని మూడు గదులలో ఒక్కొక్కదానిలో రెండేసి అండాలు ఉండడం లెడెబూరియా ప్రజాతికి గుర్తులు. కాబట్టి అండాశయాన్ని అడ్డంగా కోసి చూడకుండా ప్రజాతి పేరు రాయవద్దు.

కొలతలు ఒక్క మొక్క నుంచి తీసుకుంటే పనికిరావు. అనేక మొక్కలను కొలిచి, కనిష్ఠం నుంచి గరిష్ఠం దాకా వ్యాప్తిని ఇవ్వాలి. అరుదుగా కనబడే విలువలను కుండలీకరణాలలో పెట్టడం ఆనవాయితీ. ఇక్కడే పెద్ద చిక్కు ఉంది. నీడలో పెరిగిన మొక్కకు, ఎండలో పెరిగిన మొక్కకు ఆకు వెడల్పులోనూ మచ్చల గాఢతలోనూ చాలా తేడా రావచ్చు. అందుకని మీ మొక్కను, దానికి దగ్గరి జాతిని ఒకే మట్టి ఉన్న కుండీలలో పక్కపక్కనే పెంచి, మరుసటి వానాకాలం కూడా ఆ తేడా నిలిచిందో లేదో చూడండి. నిలవని తేడాతో జాతి నిలవదు. వేరు కొనల నుంచి క్రోమోసోముల సంఖ్య చూస్తే అదనపు ఆధారం దొరుకుతుంది.

నమూనాను ఆరబెట్టేముందు లశునాన్ని కోసి మరిగే నీళ్లలో ముంచాలి. లేకపోతే మొక్కలను నొక్కి ఆరబెట్టే ప్రెస్సులో కాగితాల మధ్యనే చిగురు వేస్తుంది! కొన్ని పువ్వులను 70 శాతం ఆల్కహాల్‌లో విడిగా భద్రపరచండి.

తరువాతి పని పాత షీట్లతో పోల్చడం. వృక్షశాస్త్రవేత్త రోత్ 1821లో ఈ ప్రజాతిని స్థాపించినా, చాలాకాలం వీటిని సిల్లా ప్రజాతిలో కలిపి చూశారు. 1970లో జెస్సప్ అనే వృక్షశాస్త్రవేత్త మళ్లీ వేరు చేశాడు. కాబట్టి పాత ఫ్లోరాలలో, అంటే ఒక ప్రాంతపు మొక్కలను వర్ణించే గ్రంథాలలో, సిల్లా పేరు కింద కూడా వెతకాలి. ముఖ్యంగా, ఆఫ్రికా నుంచి భారతదేశం వరకు వ్యాపించి ఎన్నో రూపాలలో కనబడే లెడెబూరియా రివల్యూటాతో మీ మొక్కకు గల తేడాలను స్పష్టంగా చూపించకపోతే సమీక్షకులు అంగీకరించరు.

ఇక మొక్కలకు పేర్లు పెట్టే అంతర్జాతీయ నియమాలు. 2012 జనవరి 1 నుంచి వర్ణన గానీ, భేదాలను క్లుప్తంగా చెప్పే డయాగ్నసిస్ గానీ లాటిన్‌లో లేదా ఇంగ్లీషులో ఉంటే చాలు. అంతకుముందు లాటిన్ తప్పనిసరి. ఒకే నమూనాను హోలోటైప్‌గా, అంటే ఆ పేరుకు ప్రామాణిక నమూనాగా, ప్రకటించి, అది ఏ హెర్బేరియంలో ఉందో ఆ వ్యాసంలోనే చెప్పాలి. అదే సేకరణలోని అదనపు షీట్లు ఐసోటైపులవుతాయి. వాటిని వేరే హెర్బేరియంలకు పంపండి. మన దేశంలో 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం కొత్త జాతిని కనుగొన్నవారు ఆ సంగతిని నిర్దేశిత సంస్థకు తెలియజేసి, నమూనాను అక్కడ జమచేయాలి. మొక్కల విషయంలో బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా అటువంటి సంస్థ.

చివరగా, వ్యాసంలో ఇచ్చే పటం గురించి ఒక మాట. అందమైన లశునపు మొక్కలను తవ్వి అమ్ముకునేవారు అన్ని చోట్లా ఉన్నారు కనుక, ఖచ్చితమైన అక్షాంశ రేఖాంశాలను హెర్బేరియం లేబుల్‌కే పరిమితం చేసి, పటంలో మండలం స్థాయి వరకు మాత్రమే చూపించండి.